బ్యాటరీ బండికి పంచసూత్రాలు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగ పాఠం)

 

పొదుపుల గురించి, బ్యాంకు లింకేజీ గురించి, కంతుల గురించి ఇంతవరకు అక్కలు మాట్లాడినారు. నాకు ఇచ్చిన అంశం వేరే. మన సంఘాల్లో నడవలేని అక్కచెల్లెళ్లు ఉన్నారు. మన ఇండ్లల్లో అట్లాంటి బిడ్డలు, అన్నదమ్ములు, అత్తమామలు ఉన్నారు. వాళ్లు వాడే బ్యాటరీ మూడుచక్రాల బండికి, కరెంటు చక్రాల కుర్చీకి చార్జింగ్ ఎట్ల పెట్టాల, బ్యాటరీని ఎట్ల కాపాడుకోవాల అని చెప్పమన్నారు. నేను పదో తరగతి చదివినదాన్ని, మెకానిక్కును కాదు. ఈ పనికి పెద్ద చదువు అక్కర్లేదు. మిక్సీ, గ్రైండరు, సెల్‌ఫోను వాడే ఆడమనిషి ఎవరైనా చేయగలదు.

"మా ఇంట్లో అట్లాంటి బండి లేదు కదా, నాకెందుకు" అని ఎవరూ అనుకోవద్దండి. బండి మీద కూర్చునే మనిషి కిందకు వంగి వైరు పెట్టలేకపోవచ్చు. ఆ వైరు పెట్టేది అమ్మ, అక్క, వదిన, పక్కింటి చెల్లెలు. అందుకే ఈ మాట అందరికీ చెప్తున్నాను.

రేకుల షెడ్డు కింద, కోళ్ల గంప పక్కన దుమ్ము పట్టి నిలిచిపోయిన మూడుచక్రాల బండ్లు మీరు చూసే ఉంటారు. కొన్నిటి మీద వరిగడ్డి, కొన్నిటి మీద ఉతికిన బట్టలు. అడిగితే "చెడిపోయిందమ్మా" అంటారు. విప్పి చూస్తే చాలా బండ్లల్లో మోటారు బాగుంటాది, చక్రాలు బాగుంటాయి, హ్యాండిల్ బాగుంటాది. పోయింది బ్యాటరీ ఒక్కటే. అది కూడా వాడి వాడి పోయింది కాదు. ఖాళీ అయిన బ్యాటరీని ఖాళీగానే వదిలేసినందుకు పోయింది. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే: బ్యాటరీని వాడకం చంపదు, ఖాళీగా పెట్టడం చంపుతాది.

బ్యాటరీ పోతే ఏమవుతాదో ఆలోచించండి. సొంతంగా సంఘం మీటింగుకు వచ్చే చెల్లెలు రావడం మానేస్తాది. "సంతకం ఇంటికొచ్చి తీసుకోండి" అంటాది. బ్యాంకుకు పోవాలంటే తమ్ముడు ఖాళీగా ఉండాల, ఆస్పత్రికి పోవాలంటే ఆటోకు డబ్బులుండాల. కుట్టుమిషను పెట్టుకున్న అక్క జాకెట్టు గుడ్డకు, దారానికి బజారుకు తానే పోయేది ఆగిపోతాది. ఎవరన్నా ఎత్తి కూర్చోబెడితేనే గడప దాటే పరిస్థితి మళ్లీ వస్తాది. మళ్లీ కొత్త బండి కావాలంటే సర్టిఫికెట్లు, క్యాంపులు, ఏండ్ల తరబడి ఎదురుచూపు. అదంతా ఒక వైరు గోడకు పెట్టనందుకు.

ఈ బండి మన దాకా ఎట్ల వచ్చిందో రెండు మాటలు చెప్తాను. బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీని వాడకానికి పనికొచ్చేట్టు తయారుచేసిన వాళ్లలో కెనడా దేశపు ఇంజనీరు జార్జ్ క్లైన్ ముఖ్యమైనవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బలు తగిలి కాళ్లు చేతులు పడిపోయిన సైనికుల కోసం ఆయన, ఆయన తోటివాళ్లు దీని మీద పనిచేసినారు. మన దేశంలో వికలాంగుల పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో. అది 1972లో కాన్పూరులో పెట్టినారు. పరికరాలు ఇచ్చే ఆడిప్ పథకం 1981 నుంచి ఉంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంటే ఈ బండి ఎవరో దయ తలచి పడేసిన వస్తువు కాదు, హక్కుగా వచ్చిన ఆస్తి. మనం ఆవును, బర్రెను ఎట్ల చూసుకుంటామో ఈ ఆస్తిని అట్ల చూసుకోవాల.

ఇప్పుడు బ్యాటరీ లోపల ఏముందో చూద్దాం. మన దగ్గర కనిపించే బండ్లల్లో చాలావరకు సీసం బ్యాటరీలే. ఈ రకం 1859లో ఫ్రాన్సులో పుట్టింది. లోపల సీసం పలకలు, వాటి మధ్య గంధకామ్లం అంటే యాసిడ్. చక్రాల కుర్చీలో మామూలుగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి, రెండూ కలిసి 24 వోల్టులు. బండి నడిచేటప్పుడు పలకల మీద తెల్లగా ఒక పొర పుడతాది. చార్జింగ్ పెడితే ఆ పొర కరిగిపోతాది. పెట్టకుండా వదిలేస్తే గట్టిపడతాది. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్ల పొర పడతాది కదా, ఆరోజే తోమితే పోతాది, నెలలు వదిలేస్తే ఇటుక పొడి పెట్టి రుద్దినా పోదు. బ్యాటరీ కూడా అంతే. పొర గట్టిపడినాక ఎంతసేపు చార్జింగ్ పెట్టినా ఎక్కదు. లైటు పచ్చగా చూపిస్తాది, బండి మాత్రం వీధి చివరికి పోయేసరికి నిలిచిపోతాది.

మన సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి. సక్రమంగా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. బ్యాటరీకి కూడా ఐదు సూత్రాలు పెట్టుకుందాం.

మొదటిది, వాడిన రోజు రాత్రే చార్జింగ్. పగలు బండి నడిపితే బ్యాటరీ దగ్గర అప్పు తీసుకున్నట్టు. రాత్రి చార్జింగ్ పెడితే కంతు కట్టినట్టు. కంతు కట్టకుండా మళ్లీ మళ్లీ తీసుకుంటే ఏమవుతాదో మనకు వేరే చెప్పాల్నా? ఓవర్‌డ్యూ అయి మొండిబకాయి పడతాది. "పూర్తిగా అయిపోయినాకే పెట్టాల, లేకపోతే పాడైతాది" అని కొందరు చెప్తారు. సీసం బ్యాటరీకి అది తప్పు మాట. సగం కంటే కిందకు దించకుండా వాడితే అది ఎక్కువ కాలం బతుకుతాది. బజారు దాకా పోయి వచ్చినా సరే, ఆ రాత్రి పెట్టండి.

ఎంతసేపు పెట్టాల? బ్యాటరీ మీద 40 ఏహెచ్ అని, చార్జరు మీద 5 ఆంపియర్లు అని ఉందనుకోండి. బాగా దిగిన బ్యాటరీ నిండాలంటే 8 నుంచి 10 గంటలు పడతాది. అందుకే రాత్రి భోజనాల వేళ పెట్టేయండి. చార్జరు మీద లైటు మారేదాకా తీయొద్దు. చాలా చార్జర్లల్లో ఎరుపు పచ్చగా మారుతాది. రాత్రి కరెంటు పోయి వస్తే సమయం లెక్క తప్పుతాది, గడియారం కాదు, లైటును చూడండి.

కరెంటు బిల్లు భయం చాలామందికి ఉంది. లెక్క చెప్తాను. 24 వోల్టులను 40తో గుణిస్తే 960. వెయ్యి అయితే ఒక యూనిట్. చార్జరులో వేడిగా పోయేది కలుపుకున్నా పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి ఒకటిన్నర యూనిట్ దాటదు. అంటే పది రూపాయల లోపు. బజారుకు పోయి రావడానికి ఆటోకు ఎంతిస్తామో మీకు తెలుసు. పది రూపాయలు మిగిలిద్దామని వేల రూపాయల బ్యాటరీని చంపుకోవద్దు.

రెండోది, ఏ బ్యాటరీకి ఆ చార్జరే. చార్జరు పోతే ఇంట్లో ఉన్న ఇన్వర్టరుతోనో, ట్రాక్టరు బ్యాటరీకి పెట్టేదాంతోనో పెట్టొద్దు. చార్జరు మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకుని పోండి, అంగట్లో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇప్పుడు కొన్ని కొత్త బండ్లల్లో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. బరువు తక్కువ ఉంటాది. దానికి దాని చార్జరే పెట్టాల, సీసం బ్యాటరీ చార్జరు పెడితే ప్రమాదం. మీ బండిలో ఏ రకం ఉందో బ్యాటరీ మీదనే రాసి ఉంటాది. చదవడం రాకపోతే పిల్లలతో చదివించుకుని ఒక చీటీలో రాసి పెట్టుకోండి.

మూడోది, ఎండ, నీళ్లు, బరువు నుంచి కాపాడటం. మన ఆదోని, ఎమ్మిగనూరు ఎండలు మీకు తెలియనివి కావు, 40 డిగ్రీలు దాటుతాయి. సీసం బ్యాటరీకి 25 డిగ్రీలు హాయి. అంతకంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఎప్పుడూ ఉంటే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతాది. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టొద్దు, నీడలో పెట్టి ఒక గంట చల్లారనిచ్చి పెట్టండి. రేకుల కింద కంటే వేపచెట్టు నీడ మేలు. వానాకాలంలో మన నల్లరేగడి సంగతి వేరే. చక్రాలకు బురద మెత్తుకుంటే మోటారు రెండింతలు లాగాల్సి వస్తాది, బ్యాటరీ తొందరగా దిగిపోతాది. ఇంటికి రాగానే కట్టెపుల్లతో బురద గీకేయండి. పైపు పెట్టి నీళ్లు కొట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. చక్రాల్లో గాలి తక్కువున్నా, బ్రేకు పట్టేసి ఉన్నా కూడా ఇదే కథ. ఒకరు కూర్చునే బండి మీద ఇద్దరు కూర్చుని, వెనక బియ్యం మూట కూడా వేస్తే బ్యాటరీ ఏడుస్తాది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటాది. ఒక్క చార్జింగుతో అంత దూరం పోదామని సాహసం చేయొద్దు, రోడ్డు మధ్యలో ఆగిపోతే తోసేదెవరు?

నాలుగోది, నెలకోసారి తనిఖీ. నెలకోసారి మీటింగు పెట్టుకుంటాం కదా, ఆ రోజే బ్యాటరీని కూడా చూడండి. ముందు బండి తాళం ఆపేయండి. వైర్లు బిగించిన చోట తెల్లగా గాని, పచ్చగా గాని బూజు లాంటిది పేరుకుందా? వంటసోడా నీళ్లల్లో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కొంచెం వాజలిన్ పూయండి. చేతికి రబ్బరు తొడుగు వేసుకోండి, ఆ పొడి కళ్లల్లో పడొద్దు. వైరు విప్పాల్సి వస్తే ముందు మైనస్ వైరు విప్పాల, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాల.

ఇక్కడ మన ఆడవాళ్లకు ఒక జాగ్రత్త. బ్యాటరీ దగ్గరికి పోయేటప్పుడు చేతుల లోహపు గాజులు, ఉంగరాలు తీసేయండి, మెడలో తాళిబొట్టు గొలుసు జాకెట్టు లోపలికి వేసుకోండి. వంగినప్పుడు గొలుసు రెండు కొనలకూ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, ఒళ్లు కాలుతాది.

సీల్ వేసిన బ్యాటరీ అయితే దానికి నీళ్లు పోసే పని లేదు, మూత తెరవొద్దు. తెరిస్తే గ్యారంటీ కూడా పోతాది. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాల. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, ఫిల్టరు క్యాన్ నీళ్లు ఏవీ పోయొద్దు.

ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు ఉంటే వోల్టులు చూపించుకోండి. చార్జింగ్ నిండినాక వైరు తీసి, కొన్ని గంటలు ఆగి చూడాల. 12 వోల్టుల బ్యాటరీ ఒక్కొక్కటి 12.7 దగ్గర చూపిస్తే నిండినట్టు. 12.2 అంటే సగం. ఒకటి 12.7 ఉండి రెండోది 11.5 ఉంటే ఆ రెండోది పోయినట్టే. మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చాల, ఒకే కంపెనీ, ఒకే సైజు. కొత్త ఎద్దును, ముసలి ఎద్దును ఒకే కాడికి కడితే ఏమైతాదో రైతు ఇంటి ఆడబిడ్డలకు నేను చెప్పాల్నా? అంతేకాదు, కారు బ్యాటరీ చవగ్గా దొరికిందని తెచ్చి పెట్టొద్దు. కారు బ్యాటరీ ఒక్కసారి గట్టిగా తోసి ఇంజను స్టార్టు చేసేది, గంటల కొద్దీ లాగేది కాదు.

ఐదోది, పుస్తకం, పొదుపు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. బ్యాటరీ ఎప్పుడు వేసినారు, గ్యారంటీ ఎప్పటిదాకా, ఏ నెలలో తనిఖీ చేసినారు, నిండు చార్జింగుకు ఎంత దూరం పోతోంది, అంతే రాయండి. మొన్నటిదాకా మార్కెట్టుకు రెండుసార్లు పోయి వచ్చే బండి ఇప్పుడు ఒక్కసారికే అలసిపోతోందంటే పుస్తకమే చెప్తాది, బ్యాటరీకి వయసైంది అని. అప్పుడు రోడ్డు మీద ఆగిపోకముందే మార్చుకోవచ్చు.

బాగా చూసుకున్నా బ్యాటరీ ఏదో ఒకరోజు మార్చాల్సిందే. దానికి ముందే కూడబెట్టాల. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు అయింది. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 ఇస్తున్నారు. ఇంటి ఖర్చులు నాకు తెలుసు. అయినా నెలకు 300 రూపాయలు బ్యాటరీ పేరు మీద వేరుగా పెడితే మూడేండ్లకు 10,800 అవుతాది. అప్పటికప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయే పని ఉండదు. కొంచెం తక్కువ పడితే సంఘంలో అంతర్గత అప్పు ఉండనే ఉంది. బర్రెకు అప్పు ఇస్తున్నాం, మగ్గానికి ఇస్తున్నాం, బ్యాటరీకి ఎందుకు ఇవ్వకూడదు?

ప్రమాదాల గురించి కూడా చెప్పాల. చార్జింగ్ ఎక్కేటప్పుడు సీసం బ్యాటరీ నుంచి అంటుకునే గ్యాసు కొద్దిగా రావచ్చు. అందుకే పొయ్యి పక్కన, దేవుని దీపం దగ్గర, తలుపులేసిన చిన్న గదిలో పెట్టొద్దు. బీడీ తాగుతూ దగ్గరికి రానివ్వొద్దు. చార్జరు మీద బట్టలు ఆరేయొద్దు, దుప్పటి కప్పొద్దు, దానికి గాలి తగలాల. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గులోనే పెట్టండి. సన్నటి వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే వైరు కాలుతాది. ఫ్యూజు పోతే రాగితీగ చుట్టి నడిపించొద్దు, అదే సైజు ఫ్యూజు వేయండి. బ్యాటరీ ఉబ్బినా, కాలిన వాసన వచ్చినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా గోడ దగ్గర స్విచ్చు ఆపేయండి, మళ్లీ పెట్టొద్దు, మెకానిక్కుకు చూపించండి. లిథియం బ్యాటరీ అయితే మనుషులు పడుకునే చోట, వాకిలికి అడ్డంగా పెట్టి చార్జింగ్ చేయొద్దు. పాడైన సీసం బ్యాటరీని ఇంట్లో పగలగొట్టొద్దు. సీసం విషం, పసిపిల్లలకు మరీ ప్రమాదం. కొత్తది కొన్న అంగట్లోనే పాతది ఇస్తే ధరలో తగ్గిస్తారు. వాడిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని పద్ధతిగా కరిగించాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నియమాలు కూడా తెచ్చింది.

చివరగా మన ప్రాంతానికే ఉన్న ఒక సమస్య. సుగ్గి. వానలు ముఖం చాటేస్తే కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, కౌతాళం దిక్కు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు పోతాయి. ఇంటికి తాళం పడతాది, లేదంటే ముసలివాళ్లు, నడవలేనివాళ్లు మాత్రమే మిగులుతారు. రెండు మూడు నెలలు బండికి వైరు పెట్టేవాళ్లుండరు. తిరిగి వచ్చేసరికి బ్యాటరీ చచ్చి ఉంటాది. వాడకుండా ఊరికే పెట్టినా సీసం బ్యాటరీ తనంతట తానే కొంచెం కొంచెం దిగిపోతాది. కాబట్టి సుగ్గికి పోయేముందు నిండుగా చార్జింగ్ పెట్టి, తాళం తీసేసి, నీడలో ఉంచండి. ఊర్లో ఉండే సంఘం సభ్యురాలికి అప్పజెప్పండి. ఆమె నెలకోసారి ఒక రాత్రి చార్జింగ్ పెడితే చాలు. లిథియం అయితే నిండుగా కాదు, సగం చార్జింగుతో పెట్టి పోవాల. ఇంట్లో నడవలేని మనిషే ఒంటరిగా ఉంటే ఆ వైరు పెట్టే పని రోజూ ఎవరిదో పోయేముందే సంఘంలో పేరు రాసుకోండి.

అందుకే ఈ మహాసభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి సంఘం తన సభ్యుల ఇండ్లల్లో ఉన్న బ్యాటరీ బండ్ల లిస్టు రాయాల, నిలిచిపోయినవి కూడా. రెండు, నెల మీటింగు అజెండాలో "బ్యాటరీ తనిఖీ" అని ఒక లైను చేర్చాల. మూడు, సుగ్గికి పోయే కుటుంబాల బండ్లకు ఊర్లో ఉండే సభ్యురాలిని బాధ్యురాలిగా పెట్టాల. వీటికి ప్రభుత్వం జీవో ఇవ్వాల్సిన పని లేదు, పైసా ఖర్చు లేదు. చేతులెత్తితే చాలు.

ఈరోజు ఇంటికి పోయినాక మీ వీధిలో ఒక బండి నిలిచిపోయి ఉంటే లోపలికి పోయి అడగండి, "చివరిసారి చార్జింగ్ ఎప్పుడు పెట్టినారు?" అని. మీటరు పట్టించి చూడండి. కొన్ని మళ్లీ లేస్తాయి, కొన్ని లేవవు. లేవనివాటికి అప్పు గురించి, పొదుపు గురించి మాట్లాడదాం. వచ్చే నెల మీటింగుకు ఆ చెల్లెలు తన బండి మీద తానే రావాల, సంతకం తన చేత్తో తానే మీటింగులో పెట్టాల.